రబ్బరు పొడి

ఫిబ్రవరిలో మా శాఖ గ్రంథాలయం లెక్కల కోసం మూతపడుతుంది.
ఓస్ట్రావాలో అప్పుడు మంచు కూడా బూడిదరంగే.
పై అధికారి డ్రాహోమీరా నా బల్ల మీద
ఒక రబ్బరూ, ఒక పలచటి పుస్తకమూ పెట్టింది.
"అంచుల్లో పెన్సిలు రాతలన్నీ చెరిపెయ్యి.
కొత్త ప్రతి కొనడానికి డబ్బుల్లేవు."

అందరికీ తెలిసిన కథే.
ఒకడు తెల్లారేసరికి పురుగై లేస్తాడు.
ఆ తర్వాత జరిగేదంతా ఇంట్లోనే.

మొదటి పేజీలో ఎవరో బడిపిల్లాడు
పురుగు బొమ్మకి కాళ్ళు గీస్తూ గీస్తూ
పద్దెనిమిది దగ్గర విసుగొచ్చి వదిలేశాడు.
పక్కన ఒక నిక్కచ్చి చేతిరాత:
"బొమ్మ వెయ్యకూడదు. వేస్తే అది ఉత్త పురుగైపోతుంది."
కింద ఇంకెవరో: "మరి ఏమవ్వాలి?"
జవాబు లేదు. మూడూ చెరిపాను.
కాళ్ళు మాత్రం కాగితంలో నొక్కులై మిగిలాయి.

నాలుగో పేజీ గనిలో పనిచేసినవాడిది కాబోలు,
నల్లటి వేలిముద్ర, బొగ్గు పెళ్ళల్లాంటి అక్షరాలు:
"ఒళ్ళు మారిందని కాదు వీడి బెంగ,
బండి తప్పిపోయిందని.
చెయ్యి నలిగిన రోజు నేనూ ముందు గడియారమే చూశాను."
రబ్బరు అక్కడ కాసేపు ఆగింది.
నేనే ఆపానని చెప్పుకోను.

ఇంకొకాయన పుస్తకం పొడుగునా ఒకే మాట రాశాడు:
తండ్రి! తండ్రి! తండ్రి!
ఇరవై ఏడుసార్లు.
ముప్పయ్యో పేజీ దాటాక
ఆశ్చర్యార్థకం పెట్టడం మానేశాడు.

ఆపిల్ పండు వీపులో దిగబడే చోట
నిజంగానే ఒక గోధుమరంగు మరక.
ఎవరో ఆ ఘట్టం చదువుతూ ఆపిల్ తిన్నారు.
ఇది ఏ వ్యాఖ్యానం కిందికి వస్తుందో నాకు తెలీదు.
రబ్బరుకి లొంగలేదు.

తర్వాత చెల్లెలు.
"రాక్షసి. అన్న సంపాదన తిని అన్ననే పొమ్మంది,"
అని ఒకరు, కాగితం చిరిగేంత కోపంగా.
దాని కింద, తొణక్కుండా, ఎడమకు వాలిన అక్షరాలు:
"పాలగిన్నె పెట్టిందెవరు?
ఆ గది కిటికీ ఊపిరి బిగబట్టి తీసిందెవరు?
నువ్వు ఒక్క వారం తుడువు.
తుడిచి, అప్పుడు రాయి."

ఎడమకు వాలిన ఆ రాత
నా సెలవు చీటీల మీద రోజూ చూసేదే.
గదికి అటువైపు డ్రాహోమీరా
కూడికల యంత్రం టకటకలాడిస్తోంది.

అట్ట వెనక తేదీ ముద్రలు తిరగేశాను.
ఈ ప్రతి ఊరికి వచ్చేనాటికి ఆమెకి పంతొమ్మిదేళ్ళు.
వ్లాస్తిమిల్ అని ఒక అన్న ఉండేవాడట.
పదకొండేళ్ళు గడప దాటలేదట.
ఆ ఇంటి సంగతి ఇంతకన్నా ఎవరూ చెప్పరు,
నేనూ అడగలేదు. పద్నాలుగేళ్ళుగా
ఇద్దరం ఒకే కెటిల్‌లో నీళ్ళు కాచుకుంటున్నాం.

చివరి పేజీ.
ఎండలో ట్రాము ఊరి బయటికి పోతుంది.
చెల్లెలు లేచి నిలబడి ఒళ్ళు విరుచుకుంటుంది.
పండితులు ఇక్కడ చాలా రాశారు,
ఒకరు లాటిన్‌లో కూడా.
అన్నీ పొడైపోయాయి.
అడుగున, ఇంచుమించు కుట్టులో దాక్కుని,
ఎడమకు వాలి, ఒకే ఒక్క వాక్యం:

"ఆ రోజు నాకు బాగా ఆకలేసింది."

రబ్బరు చేతిలో పట్టుకుని
కిటికీలోంచి బయటికి చూశాను, చాలాసేపు.
పొగగొట్టం, దాని మీద ఒక కాకి. అంతే.

సాయంత్రం ఆమె వచ్చి
బల్ల మీది పొడిని అరచేత్తో
దగ్గరకి ఊడ్చి, దోసిట్లోకి తీసుకుంది.
ఎక్కడ పారెయ్యాలో తోచనట్టు అలాగే నిలబడింది.
"అన్నీ పోయాయా?"
"పోయేవి పోయాయి," అన్నాను.

పుస్తకం తెరిచి చూడలేదు.
పొడి కోటు జేబులో వేసుకుని, చెయ్యి దులుపుకుని,
ఖాతాలో ఆ ప్రతికి ఎదురుగా,
'స్థితి' అన్న గడిలో రాసింది:
చదవొచ్చు.
అక్షరాలు ఎడమకు వాలాయి.